ఉంటారా, ఉంటా రా: మన పిలుపుల మీద ఒక పాఠం

ముందు ఒక చిన్న పరీక్ష. మీ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది అనుకోండి. తెలుగు మాటే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేశారు. మొత్తం ఒకటే ముక్క: ‘ఉంటారా’. ప్రశ్న గుర్తు లేదు, ఫుల్‌స్టాప్ లేదు, మధ్యలో స్పేస్ లేదు. పంపింది ఎవరో చూడకుండా దీని అర్థం చెప్పగలరా?

చెప్పలేం. ఎందుకంటే రెండు అర్థాలు వస్తాయి. ఒకటి, ‘మీరు ఉంటారా?’ అని మర్యాదగా అడగడం. ‘ఉంటారు’ చివర ప్రశ్న అడిగే ‘ఆ’ చేరి ‘ఉంటారా’ అయింది. రెండు, ‘ఉంటా, రా’. అంటే ఇక ఫోన్ పెట్టేస్తున్నా అని ఫ్రెండ్ చెప్పడం. మొదటిది హెచ్‌ఓడీ గారికి పంపొచ్చు. రెండోది పంపితే ఏమవుతుందో మీకు తెలుసు. నోటితో అంటే రాగాన్ని బట్టి తేడా తెలిసిపోతుంది. టైప్ చేస్తే ఆ రాగం కూడా ఉండదు.

ఇది ఒక్క మాటతో ఆగదు. వస్తారా, తింటారా, చూస్తారా, ఇస్తారా, వెళ్తారా... అన్నిటికీ ఇదే సమస్య. ఆటోమాటా క్లాసులో చెప్పారు కదా, ఒకే వాక్యానికి రెండు పార్స్ ట్రీలు వస్తే ఆ గ్రామర్ యాంబిగ్యువస్ అని. మన భాషలో ‘మీరు’కి ఉన్న పూర్తి మర్యాదా, ‘రా’కి ఉన్న పూర్తి చనువూ ఒకే శబ్దంలో దాక్కున్నాయి. నాకు ఇది చాలా నచ్చింది. అందుకే ఈ పాఠం.

నా చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు సబ్జెక్టు పదో తరగతితో అయిపోయింది. కాబట్టి సంధులూ సమాసాల గురించి చెప్పే అర్హత నాకు లేదు. కానీ హాస్టల్లో మేం నలుగురం ఒకే రూమ్: ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది కర్నూలు, ఒకడిది కరీంనగర్, నాది కాకినాడ. రోజూ వినే పిలుపులు, పలకరింపుల గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను.

1. ‘రా’ ఎన్ని రకాలు

మనం వాడే ‘రా’లు కనీసం మూడున్నాయి.

మొదటిది క్రియ. ‘ఇటు రా’ అంటే రమ్మని. దీనికి మర్యాద రూపం ‘రండి’.

రెండోది పిలుపు. ‘ఏం చేస్తున్నావురా’లో ఉన్నది. దీనికి సొంతంగా అర్థం లేదు. మాట చివర తోకలా తగులుతుంది. ‘రారా’ అన్నప్పుడు మొదటి ‘రా’ క్రియ, రెండోది పిలుపు.

మూడోది నిజంగా ‘రా’ కాదు, ‘రు’కి ‘ఆ’ కలిస్తే వచ్చిన నీడ. ‘మీరు వస్తారా’లో ఉన్నది.

ఇంజినీరింగ్ వాళ్ళం కాబట్టి నాలుగోది కూడా చేర్చుకోవచ్చు: ‘రా డేటా’. అది ఇంగ్లీషు నుంచి వచ్చిన ముడి ‘రా’.

ఇందులో రెండో ‘రా’ గురించే అసలు కథ. ‘వాన పడుతోంది’ అనే వాక్యం తీసుకోండి. వానకి మనతో పని లేదు. కానీ అదే వార్తని మనం ఎన్ని రకాలుగా చెప్తామో చూడండి. వాన పడుతోందిరా. వాన పడుతోందే. వాన పడుతోందండి. వాన పడుతోందోయ్. వాన పడుతోందయ్యా. వాన పడుతోందమ్మా.

వార్త మారలేదు. మారింది వినే మనిషి. గోడ అవతల నుంచి ఈ ఒక్క వాక్యం వినిపించినా అక్కడ ఎవరున్నారో ఊహించేయొచ్చు: ఫ్రెండా, చెల్లెలా, సారా, పక్కింటి తాతయ్యా అని. ఇంగ్లీషు వాక్యంలో ఈ తోక ఉండదు, పెట్టాలంటే విడిగా ఒక మాట తెచ్చుకోవాలి. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల్లో మాట్లాడే బాస్క్ భాషలో మాత్రం ఇలాంటిది ఉంది. బాగా చనువున్న వాళ్ళతో మాట్లాడేటప్పుడు వాక్యంలో ‘నువ్వు’ లేకపోయినా, వినేది మగా ఆడా అన్నది క్రియలోనే తెలిసిపోతుంది.

మన పక్క భాషల్లో కూడా తోకలున్నాయి. తమిళంలో మగవాళ్ళకి ‘డా’, ఆడవాళ్ళకి ‘డీ’. చెన్నైలో చదివే తెలుగువాళ్ళకి ఒక సరదా ఉంటుంది. తమిళంలో ‘వాడా’ అంటే మన ‘రారా’. ‘వా’ అంటే రా అని. తెలుగు చెవికి మాత్రం అది ‘వాడా? ఆ మనిషేనా?’ అని వినిపిస్తుంది. ఇక తెలంగాణలో, రాయలసీమలో ‘ఇటు దా’ అంటే ఇటు రమ్మని. ఈ ‘దా’కీ తమిళ ‘డా’కీ సంబంధం లేదు. ఒకటి క్రియ, ఒకటి తోక.

2. అడిగేది ఒకటి, అనేది ఒకటి

ఇప్పుడు పలకరింపులకి వద్దాం. పుస్తకంలో పలకరింపు అంటే ‘నమస్కారం’. క్యాంపస్‌లో రోజుకి ఎన్నిసార్లు విన్నారు? మనం పలకరించుకునేది ప్రశ్నలతో. వాటికి జవాబు అక్కర్లేదు.

‘ఏంటి!’ అంటే చాలు, పలకరింపు అయిపోయింది. దానికి జవాబు కూడా ‘ఏంటి’ అనే చెప్పొచ్చు. అదే మాటని సాగదీసి ‘ఏంటీ?’ అంటే గొడవకి పిలుపు. తెలంగాణలో ‘ఏంది’, రాయలసీమలో ‘ఏందప్పా’, ‘ఏమబ్బా’, ఉత్తరాంధ్రలో ‘ఏటి’. మా శ్రీకాకుళం వాడు ఫోన్ ఎత్తగానే ‘ఏటిరా’ అంటాడు. వాడి ‘ఏటి’ ఒక్కటే కాదు, తెలుగులో ‘ఏటి’లు ఇంకా ఉన్నాయి. ‘ఏటి గట్టు’లో ఉన్న ‘ఏటి’ ఏరు నుంచి వచ్చింది. ‘పోయిన ఏటి పంట’లో ఉన్నది ఏడు, అంటే సంవత్సరం నుంచి వచ్చింది. మూడూ అచ్చు ఒకేలా ఉంటాయి. వాడిని వెక్కిరించేవాళ్ళు ఆ మిగతా రెండూ తమ తెలుగులో కూడా ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి.

‘తిన్నావా?’ అన్నది ఇంకో పలకరింపు. మధ్యాహ్నం రెండింటికి ఎవరైనా అడిగితే మనం టిఫిన్ బాక్సు లెక్క చెప్పం. ‘ఆ, నువ్వు?’ అంటాం. నిజంగా తినకపోయినా చాలాసార్లు ‘ఆ’ అనే అంటాం. ఒక్క అమ్మ అడిగినప్పుడు మాత్రం అది పలకరింపు కాదు, నిజం ప్రశ్నే. ‘ఏం కూర?’ అనే రెండో ప్రశ్న కూడా వస్తుంది. అప్పుడు అబద్ధం నిలబడదు.

‘ఎక్కడికి?’ అన్నది మరీ విచిత్రం. బయల్దేరేవాళ్ళని అలా అడిగితే పని అవదని పెద్దవాళ్ళు తిడతారు. అందుకే ‘ఎందాకా?’ అని అడుగుతారు. అదీ ప్రశ్నే, అడిగేదీ అదే. మాట మాత్రం మార్చారు.

వెళ్ళేటప్పుడు చెప్పేవి ఇంకా బాగుంటాయి. గుమ్మం దగ్గర మనం ‘వస్తా’ అంటాం, కానీ వెళ్ళిపోతాం. ఫోన్లో ‘ఉంటా’ అంటాం, కానీ ఉండం, కట్ చేస్తాం. ‘పోతున్నా’ అనడం అశుభం అని మన ఇళ్ళల్లో నమ్మకం. అందుకే ‘వెళ్ళొస్తా’, ‘పోయొస్తా’ అని తిరిగి రావడాన్ని ముందే మాటలో పెట్టేస్తాం. తెలుగు నేర్చుకునే పరాయి రాష్ట్రం ఫ్రెండ్‌కి ఇది చెప్పి చూడండి. ‘వస్తా అని చెప్పి వెళ్ళిపోయాడేంటి?’ అని వాడు గేటు దగ్గర ఎదురుచూస్తూ నిలబడతాడు.

3. ఒకేలా వినిపించేవి

మన మాటల్లో కొన్నిటికి చివరి అచ్చు మారితే చాలు, మనిషి మూడ్ మొత్తం మారిపోతుంది. ‘అబ్బ’ కుటుంబం చూడండి.

అబ్బ: నొప్పి, లేదా హాయి. దెబ్బ తగిలినా ఇదే, ఏసీ రూమ్‌లోకి వెళ్ళినా ఇదే.
అబ్బా: విసుగు. ‘అబ్బా, ఆపరా’.
అబ్బో: ఆశ్చర్యం, ఎక్కువగా వెటకారం. ‘అబ్బో, తొమ్మిది పాయింట్లే!’
అబ్బే: కాదు, లేదు. ‘చదివావా?’ ‘అబ్బే’.
అబ్బీ: నెల్లూరు, కడప వైపు అబ్బాయిని పిలిచే మాట. అమ్మాయికి ‘అమ్మీ’.

ఒక్క అక్షరం తేడా. జావాలో ఒకే పేరుతో నాలుగు ఫంక్షన్లు రాస్తే పారామీటర్‌ని బట్టి ఏది నడవాలో తేలుతుంది కదా, మనకి ఇక్కడ ఆ పని అచ్చు చేస్తుంది.

కొన్ని మాటలకి అక్షరం కూడా మారదు, ఊరు మారితే అర్థం మారుతుంది. ‘గుంట’ అంటే నాకు రోడ్డు మీద గొయ్యి. మా శ్రీకాకుళం వాడికి ఆడపిల్ల. అబ్బాయి అయితే ‘గుంటడు’. ‘కాకా’ అంటే మా కరీంనగర్ వాడికి చిన్నాన్న, ఆ ప్రేమతోనే ఫ్రెండ్‌ని కూడా ‘ఏం కాకా’ అంటాడు. మా వైపు ‘కాకా పట్టడం’ అంటే పొగిడి పని చేయించుకోవడం, ‘కాకా హోటల్’ అంటే రోడ్డు పక్క చిన్న హోటల్. కాబట్టి వాడు ‘కాకా’ అనగానే నేను జేబు తడుముకుంటాను.

‘నా’ కూడా అలాంటిదే. ‘నా పుస్తకం’ అంటే నాది. రాయలసీమలో ‘ఏం నా, బాగుండావా?’ అంటే అక్కడ ‘నా’ అన్నా. ముందున్న ‘అన్’ అరిగిపోయింది. మా కర్నూలు వాడు సీనియర్లందరినీ పేరు చివర ‘నా’ పెట్టి పిలుస్తాడు. మొదటి నెలలో చాలామంది వాడు ఇల్లు గుర్తొచ్చి ఏదో అంటున్నాడు అనుకున్నారు.

ఇక ‘బే’. హైదరాబాద్‌లో ‘ఏం బే’ అంటే ఉర్దూ, హిందీ వైపు నుంచి వచ్చిన పిలుపు. మన ‘రా’ కంటే మోటుగా ఉంటుంది. దగ్గరి ఫ్రెండ్ అంటే నవ్వుతాం, తెలియనివాడు అంటే చెయ్యి లేస్తుంది. ఇంగ్లీషు చాటింగ్‌లో ‘బే’ అంటే ప్రియురాలు, ప్రియుడు. వినడానికి ఒకటే. తప్పు మనిషి దగ్గర వాడకపోతే మంచిది.

4. మామా, బావా, బ్రో

మనకి ఫ్రెండ్‌ని పేరుతో పిలవడం కంటే చుట్టరికంతో పిలవడం ఇష్టం. మామా, మావా, బావా, బాబాయ్, అన్నా, తమ్మీ, కాకా. వీటిలో ‘మామా’, ‘బావా’ ఎందుకు అంత పాపులర్?

మన పెళ్ళి సంబంధాల లెక్కలో మేనమామ, మేనబావ ప్రత్యేకం. మామ అంటే అమ్మ తమ్ముడో అన్నో, మేనత్త భర్త, పిల్లనిచ్చినవాడు. బావ అంటే అక్క మొగుడు, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు. అన్నతో మాట్లాడేటప్పుడు కొంచెం బిగువు ఉంటుంది. బావతో వేళాకోళం చేయొచ్చు, చేయకపోతేనే తప్పు. పెళ్ళిళ్ళలో బావల్ని ఏడిపించడం చూశారు కదా. అంటే ఫ్రెండ్‌ని ‘బావా’ అని పిలిస్తే, ‘మన మధ్య వేళాకోళానికి లైసెన్స్ ఉంది’ అని చెప్పినట్టు. తమిళంలో ‘మచ్చా’, ‘మచ్చాన్’ కూడా అలాంటి చుట్టరికమే.

‘అన్నా’ వేరే పని చేస్తుంది. ఆటో ఆపాలన్నా, టీ చెప్పాలన్నా, అడ్రస్ అడగాలన్నా ‘అన్నా’. తెలియని మనిషిని ఒక్క మాటతో కొంచెం పెద్దవాడినీ చేస్తుంది, కొంచెం మనవాడినీ చేస్తుంది. ‘సార్’ అంటే దూరం ఎక్కువ, ‘భాయ్’ అంటే కొందరికి పడదు. ‘అన్నా’కి ఇబ్బంది లేదు. నలభై ఏళ్ళ ఆటో డ్రైవర్ ఇరవై ఏళ్ళ కుర్రాడిని ‘ఎక్కడికి అన్నా’ అనడం కూడా వింటున్నాం. అక్కడ వయసు లెక్క లేదు, మర్యాదే ఉంది.

‘బ్రో’ గెలవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది అని నా అభిప్రాయం. తెలుగులో అన్న కావాలి, లేదా తమ్ముడు కావాలి. రెంటికీ మధ్య మాట లేదు. పిలిచే ముందు ఎవరు పెద్దో తేల్చుకోవాలి. ‘బ్రో’కి వయసు లేదు. ఫస్ట్ ఇయరా, థర్డ్ ఇయరా అని అడగకుండానే మాట మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు అమ్మాయిల్ని కూడా ‘బ్రో’ అనేస్తున్నారు. ఇంగ్లీషు ముక్కలతో పలకరించడం మన బ్యాచ్ కనిపెట్టిందేమీ కాదు లెండి. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గురజాడ గిరీశం చేత శిష్యుడిని అలాగే పలకరింపించారు.

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వ్యాకరణం ప్రకారం ‘రా’ మగవాళ్ళకి, ‘ఏ’, ‘వే’ ఆడవాళ్ళకి. కానీ మా క్లాసులో అమ్మాయిలు ఒకరినొకరు ‘ఏంట్రా’ అనే అనుకుంటున్నారు. ఇంట్లో నాన్నలు కూతుళ్ళని ‘ఏరా తల్లీ’ అంటారు. ఒక క్లాస్‌మేట్‌ని అడిగాను, ‘ఏమే’ అనరెందుకు అని. ‘ఏమే అంటే ఎవరో మొగుడు కేకేసినట్టుంటుంది, ఏరా అంటే ప్రేమగా ఉంటుంది’ అంది. మగవాళ్ళ తోకలో చనువు ఉండిపోయి, ఆడవాళ్ళ తోకలో అజమాయిషీ ఉండిపోయింది అన్నమాట. అందుకే వాళ్ళు తోక మార్చుకున్నారు. ఎవరూ రూల్ పెట్టలేదు.

5. అయ్యా, ఏమయ్యా

ఇప్పటిదాకా సరదాగా ఉంది. ఇక్కడి నుంచి కొంచెం జాగ్రత్తగా చదవండి.

‘అయ్యా’ అనే మాట తీసుకోండి. అర్జీ మీద ‘అయ్యా’ అని మొదలుపెడతాం. కింద నుంచి పైకి వెళ్ళే మాట. అదే మాటని ముందు ‘ఏం’ చేర్చి ‘ఏమయ్యా’ అనండి. ఇప్పుడు పై నుంచి కిందకి దిగింది. ఆఫీసర్ అటెండర్‌ని ‘ఏమయ్యా’ అంటాడు. అటెండర్ ఆఫీసర్‌ని ‘అయ్యా’ అంటాడు. ‘ఏమయ్యా’ అనలేడు. ‘అమ్మా’, ‘ఏమ్మా’ మధ్య కూడా చాలాసార్లు ఇంతే.

అంటే మర్యాద మాటలో లేదు. ‘అయ్య’లోనూ లేదు, ‘రా’లోనూ లేదు. అది ఏ దిక్కుకి వెళ్తోంది, తిరిగి వస్తోందా లేదా అన్నదాంట్లో ఉంది.

ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదు. 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు యూరప్ భాషల్లో ‘నువ్వు’, ‘మీరు’ల మీద ఒక వ్యాసం రాశారు. వాళ్ళు చెప్పింది స్థూలంగా ఇది: ఇద్దరూ ఒకరినొకరు ‘నువ్వు’ అనుకుంటే అది దగ్గరితనం. ఒకరు ‘నువ్వు’ అంటే ఇంకొకరు ‘మీరు’ అనాల్సి వస్తే అది అధికారం. మన ‘రా’కి ఇది అచ్చంగా సరిపోతుంది.

కాబట్టి మొదటి టెస్ట్: ఆ మాటని అవతలి మనిషి మనకి తిరిగి అనగలరా?

ఫ్రెండ్ ‘ఏరా’ అంటే మనం ‘ఏంట్రా’ అంటాం. పాస్. కానీ మా అమ్మమ్మ నన్ను ‘ఏరా’ అంటుంది, నేను ఆమెని అనలేను. అది అధికారమా? అక్కడ నాకు టెస్ట్ చాలదనిపించింది. అమ్మమ్మ దగ్గర నేను తిరిగి అనలేను కానీ, అలగగలను. ‘నా ఫ్రెండ్స్ ముందు అలా పిలవకు’ అని చెప్పగలను. వింటుంది. అందుకని రెండో టెస్ట్: తిరిగి అనలేకపోతే, కనీసం ‘వద్దు’ అనగలరా?

రెండూ లేని చోట ‘రా’ అంటే అది చనువు కాదు.

6. మన క్యాంపస్‌లో ఈ టెస్ట్

ఫస్ట్ ఇయర్ మొదటి వారం గుర్తు తెచ్చుకోండి. సీనియర్ ‘ఏరా, ఏ బ్రాంచ్?’ అంటాడు. జూనియర్ ‘సీఎస్‌ఈ అన్నా’ అనాలి. తిరిగి ‘ఏరా’ అనలేడు, ‘అలా పిలవొద్దు అన్నా’ అని కూడా అనలేడు. రెండు టెస్టులూ ఫెయిల్. మూడు నెలల తర్వాత అదే సీనియర్ అదే ‘ఏరా’ అంటాడు, ‘ఏరా, ఫీవర్ తగ్గిందా?’ అని. జూనియర్ నవ్వుతాడు. మాట మారలేదు, ఈసారి వద్దు అనే వీలుంది. చాలామంది సీనియర్లు ‘మేం ప్రేమగానే అన్నాం’ అంటారు. నిజంగానే ప్రేమ కావచ్చు. కానీ మొదటి వారంలో ఆ ప్రేమ జూనియర్‌కి కనపడదు, మాటే వినపడుతుంది. ర్యాగింగ్ మీద 2009లో యూజీసీ తెచ్చిన నియమాల్లో చేతలే కాదు, నోటితో అన్న మాటలు, రాసిన మాటలు కూడా లెక్కలోకి వస్తాయి అని ఉంది. ఊరికే పెట్టలేదు.

ఇంకో చోటు మెస్. మా మెస్‌లో వడ్డించే ఒకాయన వయసు మా నాన్న కంటే ఎక్కువ. పంతొమ్మిదేళ్ళ వాళ్ళం ప్లేటు పట్టుకుని కూర్చుని ‘ఏయ్, సాంబార్’ అని కేక వేస్తాం అని చెప్పడానికి బాగోలేదు గానీ, హాల్లో వినపడేది అదే. కొందరు ‘రేయ్’ కూడా అంటారు. ఆయన మాత్రం ‘ఏం కావాలి బాబూ’ అంటారు, ‘మీరు’ అంటారు. ఆయన తిరిగి అనగలరా? వద్దు అనగలరా? ఆయనకి పేరుంది. పేరు చివర ‘అన్నా’ పెట్టడానికి ‘ఏయ్’ కంటే ఒక సెకను ఎక్కువ పడుతుంది.

ఇది మనతో మొదలైంది కాదు. మన పల్లెల్లో పిలుపు వయసుని బట్టి కాకుండా కులాన్ని బట్టి నడిచింది. పెద్ద కులం ఇంటి పదేళ్ళ పిల్లాడు అరవై ఏళ్ళ దళితుడిని ‘ఒరేయ్’ అనడం, ఆయన ‘అయ్యా’ అని జవాబు చెప్పడం మామూలు విషయంగా ఉండేది. పూర్తిగా పోయిందని కూడా అనలేం. తెలంగాణలో దొరల కాలంలో ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ అన్నది పలకరింపు. బాంచన్ అంటే బానిస. వెట్టిచాకిరీ చేసేవాళ్ళు దొర ఎదురైతే ఆ మాట అనాల్సిందే. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టి పోవడం కోసం. తలెత్తి మాట్లాడటం కూడా అందులో భాగమే.

ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ‘నీ బాంచన్ కాల్మొక్త, రికార్డు పంపు’ అని జోకుగా వాడేస్తున్నాం. మా కరీంనగర్ రూమ్మేట్ మాత్రం ఆ మాట వాడడు. ‘మా ముత్తాత అది జోకుగా అనలే’ అన్నాడు ఒకసారి. నేను ఎవరినీ ఆ జోకు మానమని చెప్పట్లేదు. ఆ మాట అంటున్నప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉంటే చాలు. తెలిశాక అనాలో వద్దో మీ ఇష్టం.

7. మరి ‘రా’ మానేయాలా?

అక్కర్లేదు. నాకు ఫ్రెండ్స్ మధ్య ‘రా’ లేని తెలుగు ఊహకి కూడా రాదు. ‘వస్తున్నారా’ అని ఫ్రెండ్‌ని మర్యాదగా అడిగితే వాడు ‘ఏమైందిరా, కోపమా?’ అని అడుగుతాడు. అవును, మర్యాద కూడా తిట్టు అవుతుంది. రోజూ ‘రా’ అనేవాడు ఒకరోజు ‘చెప్పండి’ అన్నాడంటే ఏదో తేడా వచ్చిందని అర్థం. తోక తీసేసినా ఒక మాట చెప్పినట్టే. ప్రోగ్రామ్‌లో మనం ఏమీ ఇవ్వకపోతే డిఫాల్ట్ వ్యాల్యూ నడుస్తుంది కదా, అలా.

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన కొట్లాడింది మనుషులు నిజంగా మాట్లాడే భాష రాతలోకి రావాలని. అప్పుడు స్టేజీ మీద మనం పద్యాలు చదువుతాం, బాగుంటుంది. కింద కూర్చుని ‘ఏంట్రా, ఎప్పుడైపోతుంది’ అనుకునేది కూడా తెలుగే. దానికీ రూల్స్ ఉన్నాయి, చరిత్ర ఉంది. మనం ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నాం కాబట్టి కనపడదు, అంతే.

ఇంటిపని

ఒకటి. ఒక రోజంతా మిమ్మల్ని ఎవరెవరు ఏమని పిలిచారో, మీరు వాళ్ళని ఏమని పిలిచారో రెండు కాలమ్స్‌గా రాయండి. రెండు కాలమ్స్‌లో ఒకేలా ఉన్నవి ఎన్ని, తేడా ఉన్నవి ఎన్ని? తేడా ఉన్న చోట రెండో టెస్ట్ పెట్టండి.

రెండు. మెస్, లైబ్రరీ, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్‌లో రోజూ కనిపించే నలుగురి పేర్లు కనుక్కోండి. గూగుల్‌లో దొరకవు, అడగాల్సిందే.

మూడు. మీ ఊళ్ళో మాత్రమే వాడే పిలుపు ఒకటి, అది ఎవరు ఎవరిని అనొచ్చో, ఎవరు అనకూడదో రాసి క్లబ్‌కి పంపండి. జిల్లా పేరు రాయడం మర్చిపోకండి. అన్నీ కలిపి వచ్చే సంచికలో ఒక పట్టిక వేద్దాం. ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసినా పర్లేదు, కాకపోతే ‘ఉంటారా’ లాంటివి వస్తే మధ్యలో ఒక స్పేస్ పెట్టండి.

ఉంటా మరి.